ఆ తగ్గిన బరువులో తనదెంత

మా ఎదురు ఫ్లాటు అక్కయ్య పోయింది.

ఆఫీసు నుంచి కువైట్‌లో మేముండే అబూ హలీఫాకు తిరిగి వస్తూ సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఫోన్‌లో బావగారి గొంతు విన్నాను. అమలాపురం దగ్గరి వాళ్ల ఊరి నుంచి రికార్డు చేసి పంపారు. “అమ్మా, మీ అక్కయ్య పొద్దున్న వెళ్లిపోయింది. నిద్దట్లోనే. బాధ పడలేదమ్మా. అక్కడి ఆడవాళ్లందరికీ నువ్వే చెప్పాలి, నా వల్ల కాదు.” పచ్చ లైటు పడి వెనక కార్లు హారన్లు కొడుతుంటే రోడ్డు పక్కకు తీసి ఆపేశాను. మా ఆడవాళ్ల గ్రూపులో ఒక్క వాక్యం రాయడానికి చాలాసేపు పట్టింది.

రాసిన కాసేపటికే ఎవరో ఆవిడ ఫోటో పెట్టారు. పోయిన ఉగాది నాటిది. ఆకుపచ్చ పట్టుచీర, చేతుల నిండా గాజులు, సన్నటి నడుము, ఎత్తి పట్టుకున్న గడ్డం. “ఎంత అందంగా ఉన్నారో చూడండి” అని కింద రాశారు. తర్వాత అందరూ ఆ ఫోటోనే పంపుకున్నారు. దానికే పూలు అతికించారు, దానికే దీపం పెట్టారు. నేను ఫోన్ బోర్లా పెట్టేశాను. ఆ ఫోటోలో అక్కయ్య నవ్వు అబద్ధం కాదు. ఆ నడుము ఎలా వచ్చిందో తెలిసిన దాన్ని కనక చూడలేకపోయాను. అది చెప్పకుండా ఆవిడను తలుచుకోవడం నాకు చేతకాదు.

బావగారు సబ్హాన్‌లో ఒక వర్క్‌షాపులో ఫోర్‌మన్. అక్కయ్య ఇంట్లోనే ఉండి, ఉద్యోగాలకు వెళ్లే మాలాంటి తల్లుల పిల్లల్ని చూసుకునేది. నా పిల్లలిద్దరూ నడక నేర్చింది ఆవిడ హాల్లోనే. పెద్ద మనిషి. అంటే ఒళ్లు పెద్దది. భుజాలు, చేతులు, నడుము, నవ్వు అన్నీ పెద్దవే. ఆ రోజుల ఫోటోలు తీసి చూస్తే ప్రతి దాంట్లోనూ ఆవిడ చంకలో ఎవరో ఒక పిల్ల ఉంటుంది. పిల్లలంటే అంత ముద్దనుకునేదాన్ని. ఒకసారి ఆవిడే చెప్పింది. “పిల్లని ముందు పెట్టుకుంటే పొట్ట కనపడదే అమ్మాయ్.”

ఊరి నుంచి వీడియో కాల్ వస్తే మొదటి మాట ఒంటి గురించే. “ఏంటే, ఇంకా లావయ్యావు! కువైట్ తిండి బాగా పడుతోందే” అని అవతల ఎవరో ఒకరు నవ్వేవారు. అక్కయ్య కూడా నవ్వేది. ఫోన్ పెట్టేశాక మాత్రం వంటింట్లోకి వెళ్లి అవసరం లేని గిన్నెలు కడిగేది.

యాభై దగ్గర పడ్డాక ఒళ్లు ఇంకో రకంగా పేచీ పెట్టింది. నెలసరి ఆగింది. ఉన్నట్టుండి మెడ నుంచి నెత్తికి ఆవిర్లు కొట్టేవి. కూరలో గరిటె వదిలేసి ఏసీ ముందుకు పరుగెత్తేది. బుగ్గల మీద మంగు మచ్చలు వచ్చాయి. ఎవరో తెల్లబరిచే క్రీము తెచ్చి ఇస్తే రాసుకుంది. వారానికి మొహం కాలినట్టు ఎర్రబడి పొరలుగా లేచింది. దాన్ని చెత్తబుట్టలో పడేసి మళ్లీ నువ్వుల నూనె సీసా తీసింది. దుమ్ముగాలి వీచే రోజుల్లో ఇక్కడ ఒళ్లు పగుళ్లు తేలుతుంది. పిల్లలకూ నాకూ కూడా మోచేతులకు ఆవిడే నూనె రాసేది. “చర్మానికి దాహవేత్తాదే. దాహవేత్తే ఏదన్నా పొయ్యాలి గానీ, సున్నం కొడతారా?” అనేది. బయటికి వెళ్లేటప్పుడు మాత్రం ఎండకు రాసుకునే క్రీము మరచిపోయేది కాదు, నన్నూ మరవనిచ్చేది కాదు.

నడక మొదలైంది లిఫ్టు చెడిపోయిన రోజున. చంటిపిల్లను ఎత్తుకుని మెట్లెక్కుతూ సగంలో కూలబడిపోయింది. పిల్ల చేతిలోంచి జారబోయింది. ఏమీ కాలేదు. కానీ ఆవిడ భయపడింది. మర్నాడు సాయంత్రం మా తలుపు కొట్టి, “చెప్పులేసుకో. సముద్రం దాకా నడుద్దాం” అంది. నాకప్పుడే నలభై దాటాయి. కుర్చీలో కూర్చుని చేసే ఉద్యోగం. నా ఒళ్లు నాకు దూరపు చుట్టంలా అయిపోయింది. అయిష్టంగానే వెళ్లాను. తర్వాత పై అంతస్తులో ఉండే హైదరాబాదు రజిత చేరింది. ఆమె ద్వారా ఇంకొందరు.

ఎండాకాలం బయట నడవలేం కదా. బిల్డింగు కింద సర్దాబ్ అని పిలిచే నేలమాళిగ ఉంది. అక్కయ్య వాచ్‌మన్‌ను బతిమాలి తాళం తీయించింది. అక్కడ ఆవిడే మా టీచరు. వ్యాయామాలకు ఆవిడ పెట్టిన పేర్లు వేరు. నడుము తిప్పడం ‘పిండి రుబ్బడం’, వంగి లేవడం ‘నాట్లేయడం’, చేతులు పైకెత్తి లాగడం ‘నీళ్లు తోడ్డం’. రజిత పెద్ద అద్దం ఒకటి తెచ్చి గోడకు పెడదామంది. “వద్దమ్మా. అద్దం పెడితే పొట్ట లోపలికి లాక్కోడానికే సరిపోద్ది టైమంతా. ఊపిరెప్పుడు పీలుత్తారు?” అని వద్దనేసింది.

మొదటి ఏడాది ఆవిడ బరువు పెద్దగా తగ్గలేదు. కానీ మెట్లు ఎక్కేది. మోకాలి నొప్పి తగ్గింది. నిద్ర పట్టేది. నాలుగు గ్యాసు బండలు వరసగా ఉన్నా పక్కకు జరిపేయగలననిపిస్తోందని నవ్వేది. నాకు తెలిసి ఆవిడ బాగా ఉన్న కాలం అదే. అప్పుడెవరూ ఆవిడకు ఫోటో తీయలేదు. ఆవిడ తీయనివ్వలేదు కూడా.

ఆ తర్వాతి చలికాలంలో బరువు తగ్గడం మొదలైంది. ముందు మొహం, తర్వాత చేతులు. గాజులు వదులయ్యాయి. జాకెట్లకు కుట్లు పడ్డాయి. అక్కయ్య ఆనందం చూడాలి! మందుల షాపులో ఉన్న బరువు మిషను ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కేది. “చూత్తన్నావా? ఒళ్లు మాట వింటంది ఇన్నాళ్లకి” అనేది. తిండి కూడా తగ్గింది. రెండు ముద్దలకే కడుపు నిండిపోతోందని పళ్లెం పక్కన పెట్టేసేది. “పొట్ట చిన్నదైపోయిందే. మంచిదేగా.” మాకూ మంచిదనే అనిపించింది. మధ్య వయసులో ఆడది అన్నం ఎదురుగా పెట్టుకుని వద్దంటే మెచ్చుకునే లోకం ఇది.

ఉగాది రోజున ఇక్కడి తెలుగువాళ్లందరం ఒక హాల్లో కలిశాం. అక్కయ్య తన పెళ్లయిన కొత్తలోని ఆకుపచ్చ చీర కట్టుకు వచ్చింది. చుట్టూ మూగిపోయారు. “మస్తు సన్నగైనవక్కా! ఏం తింటున్నవ్, జర మాకు కూడ చెప్పరాదూ” అని రజిత చేయి పట్టుకుని ఊపేసింది. మీ అమ్మాయికి అక్కలా ఉన్నారని ఇంకెవరో అన్నారు. ఊరికి వీడియో కాల్ చేసి చూపిస్తే అక్కడ నవ్విన వాళ్లే నోరు తెరిచారు. స్టేజీ మీదకు పిలిచి రహస్యం చెప్పమన్నారు. అక్కయ్య మైకు పట్టుకుంది. ఆవిడ చంకలో ఆ రోజు ఏ పిల్లా లేదు. “రహస్యం ఏంటండీ, నడకేనండి. ఆయ్. మీరూ నడవండి, మీకూ తగ్గుద్ది” అంది. చప్పట్లు కొట్టాం. ఆ ఫోటో అప్పుడు తీసిందే.

ఆ తర్వాత నెలన్నరకు నడుము నుంచి వీపుకు నొప్పి పొడుచుకు వస్తోందని, నన్ను ఆసుపత్రికి తోడు రమ్మంది. ఇంగ్లీషులో మాట్లాడాలంటే ఆవిడకు బెరుకు. డాక్టరు ఈజిప్టు ఆవిడ. నిదానంగా అడిగింది, ఈమధ్య బరువు తగ్గారా అని. నేను తెలుగులో చెప్పేలోపే అక్కయ్యకు అర్థమైపోయింది. మొహం విప్పారింది.

“తగ్గానండి! ఎంత తగ్గానో చెప్పవే డాక్టరుగారికి. నడిచి తగ్గానని చెప్పు.”

చెప్పాను. డాక్టరు నవ్వలేదు. మెచ్చుకోనూ లేదు. అన్నం ఎంత తింటున్నారు, తిన్నాక ఎలా ఉంటోంది, వాంతి వచ్చినట్టు ఉంటోందా అని వరసగా అడిగింది. ఒక్కో జవాబుకూ అక్కయ్య గొంతు తగ్గుతూ వచ్చింది. తర్వాత బల్ల మీద పడుకోబెట్టి పొట్ట నొక్కి చూడబోయింది. అలవాటు కొద్దీ అక్కయ్య పొట్ట లోపలికి బిగబట్టింది.

“వదిలేయమని చెప్పండి. బిగిస్తే నాకేమీ తెలియదు” అంది డాక్టరు.

“వదిలేశాననే అనుకుంటున్నానే” అంది అక్కయ్య, పైకప్పు చూస్తూ. “ఎప్పట్నుంచి బిగబట్టానో నాకే తెలీదు. వదలడం ఎలాగో రావట్లేదు.” నేను ఆవిడ నుదుటి మీద చేయి వేశాను. ఊపిరి వదలండక్కయ్యా, సర్దాబ్‌లో మాకు చెప్పేవారే, అలాగ, అన్నాను. కాసేపటికి పొట్ట మెల్లగా మెత్తబడింది. డాక్టరు వేళ్లు ఒకచోట ఆగిపోయాయి.

కడుపులో గడ్డ. అప్పటికే కాలేయానికి పాకింది. పరీక్షలన్నీ అయ్యాక ఆ మాట విన్న రోజు బావగారు బయట బెంచీ మీద కూర్చుండిపోయారు. అక్కయ్య ఏడవలేదు. కారులో కిటికీలోంచి చూస్తూ అడిగింది.

“నిజం చెప్పవే. ఆ తగ్గిన దాంట్లో నేను తగ్గించింది ఏవన్నా ఉందా? అంతా అదే తినేసిందా?”

ఏదో ఒకటి చెప్పి ఊరుకోబెట్టచ్చు. కానీ ఆవిడ ఊరుకోబెట్టమని అడగలేదు, తెలుసుకోవాలని అడిగింది. బతుకుతానా అనే ప్రశ్న కంటే ముందు ఇది అడిగిందేమిటా అని ఆ రోజు ఆశ్చర్యపోయాను. ఇప్పుడు ఆశ్చర్యం లేదు. యాభై ఏళ్లలో తన ఒంటితో తను గెలిచానని అనుకున్నది ఆ ఒక్కసారే. అది కూడా తనది కాదని తేలితే ఇక ఏం మిగిలినట్టు?

ఊరుకోకుండా డాక్టరునూ అడిగించింది. ఆవిడ, “కిలోలను అలా పంచి చెప్పలేనమ్మా. కానీ మీ గుండె, ఊపిరితిత్తులు, కాళ్లు గట్టిగా ఉన్నాయి. ఈ మందులు తట్టుకోవాలంటే అవి కావాలి. అవి మాత్రం మీరు సంపాదించుకున్నవే” అంది. నేను తెలుగులో చెప్పాను. అక్కయ్య తల ఊపింది. “సరేలే. కాళ్లు నావంట” అంది బయటికి వస్తూ. ఆ మాటలో సంతోషముందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

కబురు తెలిశాక మా సర్దాబ్ ఖాళీ అయింది. అంత నడిచిన మనిషికే ఇలా అయితే నడిచి ఏం లాభం అన్నారు కొందరు. రజిత కూడా ఆ నెలలో కాస్త తగ్గింది, నిజంగా కష్టపడి. భయపడిపోయి రక్తపరీక్షలు, స్కానింగులు అన్నీ చేయించుకుంది. ఏమీ లేదన్నా నిద్ర పట్టలేదు ఆమెకు. “నేను గట్ల అనొద్దుండె అక్కా. ఏం తింటున్నవని అడిగిన సూడు. తింటలేదని నాకెట్ల తెలుస్తది” అని మా వంటింట్లో నిలబడి ఏడ్చింది. సన్నబడ్డావని నేనూ అన్నాను, అందరం అన్నాం. ఏడుపు వస్తే రానిమ్మన్నాను.

మందులు మొదలయ్యాక అక్కయ్య జుట్టు రాలింది. అరచేతులు నల్లబడ్డాయి, గోళ్లు కమిలాయి. నూనె రాసే పని ఇప్పుడు నాకు వచ్చింది. చూడ్డానికి వచ్చిన ఒకామె, ఏం మాట్లాడాలో తెలియక, “ఏమైనా నాజూగ్గా ఉన్నారండి, మొహంలో కళ పోలేదు” అంది. అక్కయ్య ఆమెను కూర్చోబెట్టి మంచినీళ్లిచ్చి, మెత్తగానే చెప్పింది. “ఆ మాట అనకమ్మా ఇంక. ఎవర్నీ అనకు. దాన్ని వినే నేను ఆసుపత్రికి రెండు నెలలు ఆలస్యంగా ఎళ్లాను.”

ఆ సాయంత్రమే ఫోన్లు చేసి అందర్నీ సర్దాబ్‌కు రమ్మంది. నెత్తికి చున్నీ చుట్టుకుని, నా చేయి పట్టుకుని దిగి, కుర్చీలో కూర్చుంది.

“నన్ను చూసి మానేత్తారా? నేను నడవకపోతే ఆ లిఫ్టు పాడైన ఏడాదే పోదును. మీకు ఒకటే చెప్తన్నాను. ఇక్కడ ఎవరూ ఎవర్నీ సన్నబడ్డావనొద్దు, లావయ్యావనొద్దు. ఎలా ఉన్నావని అడగండి. అడిగి, జవాబు చెప్పేదాకా ఉండండి. అడిగేసి ఎల్లిపోకండి. తెలిసిందా? ఇంక రుబ్బండి పిండి.”

నడుములు తిప్పడం మొదలుపెట్టాం. ఏడుస్తూనే తిప్పాం. అక్కయ్య కుర్చీలోంచే అరిచింది, ఊపిరి పీల్చండర్రా, ఏడుపు తర్వాత అని.

ఈ నియమం చెప్పినంత తేలిక కాదు. మేం చూశాం. ఒంటి గురించి మాట్లాడకూడదంటే ఆడవాళ్లం పలకరించుకోవడమే మరచిపోయినట్టు అయిపోయింది. కొన్నాళ్లు మాటలు వెతుక్కున్నాం. తర్వాత మెల్లమెల్లగా వేరే కబుర్లు వచ్చాయి. ఒకామె ఆవిర్ల వల్ల రోజూ ఆఫీసు బాత్‌రూమ్‌లో జాకెట్టు మార్చుకుంటున్నానని చెప్పింది. ఇంకొకామె తుమ్మితే తడిసిపోతోందని, అందుకే నడకకు రావడం మానేశానని చెప్పింది. ఇన్నేళ్లుగా పక్కపక్కనే నడిచిన వాళ్లం, ఇవేవీ ఒకరికొకరం చెప్పుకోలేదు. అక్కయ్య వినేది. “మీ ఒళ్లు మీకేదో చెప్తంది. ఎవరో మెచ్చుకున్నారని దాని నోరు నొక్కకండి” అనేది.

మందులు కొన్నాళ్లు పని చేశాయి, తర్వాత చేయలేదు. ఇక ఆపేద్దామన్నారు డాక్టర్లు. ఊరికి వెళ్లిపోతానంది అక్కయ్య. కూతురు పుణె నుంచి నేరుగా అక్కడికే వచ్చేస్తానంది. టికెట్లు తీశారు.

వెళ్లే ముందు వచ్చిన శుక్రవారం సాయంత్రం, సముద్రం చూస్తానంటే నేనూ రజితా చెరో వైపు పట్టుకుని తీసుకువెళ్లాం. ఎండ తగ్గి గాలి చల్లబడే రోజులు. ఇసుకలో చాపలు పరుచుకుని కుటుంబాలు కుటుంబాలుగా కూర్చుని టీ తాగుతున్నారు. అక్కయ్య కాసేపు నిలబడి చూసి, చెప్పులు విడిచింది.

“నీళ్లలోకి ఎళ్తానే.”

“జలుబు చేస్తుందక్కయ్యా.”

“చేత్తే చెయ్యనీ. ఇంకెన్నాళ్లుంటది అదీ?” అని నవ్వింది. తర్వాత నవ్వు ఆపి చెప్పింది. “ఇన్నేళ్లూ దీని పక్కనే నడిచాను గానీ, పాదం దాటి తడవలేదెప్పుడూ. తడిత్తే బట్టలు ఒంటికి అతుక్కుంటాయని.”

రజిత నా వైపు చూసింది. ఇద్దరం ఆవిడ చేతులు పట్టుకుని నడిచాం. మోకాళ్ల దాకా వచ్చాక ఆగుతుందనుకున్నాం. ఆగలేదు. నడుము దాకా, ఛాతీ దాకా వెళ్లింది. అక్కడ మా చేతులు వదిలేసి, నీళ్లు దోసిట పట్టి మొహం మీద చల్లుకుంది. ఒకసారి పూర్తిగా మునిగి లేచింది. తలకు చుట్టిన చున్నీ జారిపోయి నీళ్లలో తేలింది. దాన్ని రజిత పట్టుకుంది, అక్కయ్య పట్టించుకోలేదు.

మెల్లగా ఒడ్డుకు వచ్చింది. కుర్తా మొత్తం ఒంటికి అంటుకుపోయి ఉంది. నీరు పట్టి ఉబ్బిన పొట్ట, ఎముకలు తేలిన భుజాలు, సన్నబడ్డ చేతులు, జుట్టు లేని తల, అన్నీ ఉన్నవి ఉన్నట్టు కనిపిస్తున్నాయి. చాపల మీద కూర్చున్న వాళ్లు కొందరు చూశారు. నేను గబగబా పెద్ద తువ్వాలు విప్పి కప్పబోయాను.

“ఉండవే. గాలి తగలనీ” అంది.

తువ్వాలు పట్టుకుని పక్కనే నిలబడిపోయాను. కుర్తా అంచుల నుంచి కారిన నీళ్లు పాదాల చుట్టూ ఇసుకలో ఇంకుతున్నాయి. అక్కయ్య రెండు చేతులూ కాస్త పక్కకు చాచి, కళ్లు మూసుకుని, అంతమంది ఎదుటా ఎక్కడికీ తొందర లేనట్టు నిలబడి, గాలికి ఒళ్లు ఆరబెట్టుకుంది.